ఖాలా చెప్పిన సీరియల్

మార్కాపురంలో మేమున్న సందులో ఎవరికీ సొంత టీవీ లేదు. అయినా టీవీ లేని ఆదివారం మాకు ఉండేది కాదు.

అదంతా మా ఎదురింటి మామ వల్ల. బజారులో ఆయనకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఊళ్ళలోకి టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. రావడం మొదలవగానే చెడిపోవడమూ మొదలైంది. పెద్దారవీడు నుంచి, అర్ధవీడు నుంచి, ఒక్కోసారి కనిగిరి నుంచి కూడా మనుషులు వాటిని దుప్పట్లలో చుట్టి, జ్వరమొచ్చిన పిల్లల్ని ఆస్పత్రికి తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో తెచ్చేవాళ్ళు. మామ వాటిని విప్పి, దుమ్ము ఊది, తెగిన తీగలు అతికి, శనివారం సాయంత్రం ఒకదాన్ని సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు.

“దుకాణంలో బాగానే ఉంటాది. ఇంట్లో గంటసేపు ఆడిస్తేనే దాని రోగం బయటపడేది” అనేవాడు.

ఆ గంటసేపు మాది.

అందుకని మేము చూసిన సీరియల్ ఒకటే అయినా, చూసిన టీవీ మాత్రం ఏ వారానిది ఆ వారమే. ఒక వారం వచ్చినదానికి చెక్క తలుపులుండేవి. వాటిని పక్కలకు జరుపుతుంటే మాకు గుండెలు కొట్టుకునేవి. ఇంకో వారం వచ్చినదానికి తెర ముందు రంగుల ప్లాస్టిక్ అట్ట తగిలించి ఉండేది. పైన నీలం, నడుమ గులాబీ, కింద ఆకుపచ్చ. ఆ వారం మనుషులందరికీ నీలం జుట్టు, పచ్చటి పాదాలు. ఒకదాంట్లో అందరూ సన్నగా పొడుగ్గా సాగిపోయేవాళ్ళు. మరొకదాంట్లో పొట్టిగా, బుగ్గలు ఉబ్బి కనిపించేవాళ్ళు. సీరియల్లో ఉండే ఆ పిల్ల ఒక వారం దిగులుతో చిక్కిపోతుందనీ, మరుసటి వారం తిని కోలుకుంటుందనీ నేను చాలా రోజులు నిజంగానే నమ్మాను.

మొండి రోగమున్న టీవీ వచ్చిందంటే మాకు పండగ. అది వారమంతా ఆ ఇంట్లోనే ఉండేది. అప్పుడు సాయంత్రాలు కూడా చూసేవాళ్ళం. ఏది వస్తే అది చూడటమే. రైతుల కార్యక్రమంలో ఎవరో పెద్దమనిషి మోకాలు లోతు నీళ్ళలో నిలబడి వరికి పట్టే పురుగుల గురించి చెబుతుంటే, వానకోసం మొగులు చూసుకునే మా సందు జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. పురుగుల కోసం కాదు, ఆ నీళ్ళ కోసం. “అన్ని నీళ్ళే!” అని మా నాయన ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎంత తలంటుకున్నా ఆయన చెవుల వెనక, కనురెప్పల మీద సన్నటి బూడిదరంగు పొడి ఉండేది. టీవీ వెలుగు మొహం మీద పడితే, ఆయన కూడా అందులోనుంచి దిగివచ్చిన మనిషిలాగే కనపడేవాడు.

ఇక ఆదివారం పొద్దున సీరియల్. అది హిందీ. మా సందులో హిందీ తెలిసినవాళ్ళు లేరు. అందుకే ఖాలా.

ఖాలా అంటే మామ భార్య. ఆమెను మా అమ్మ అక్కా అని పిలిచేది. వాళ్ళింటికి వచ్చే చుట్టాల పిల్లల్ని చూసి మేము ఖాలా అనడం నేర్చుకున్నాం. అమ్మ అక్కచెల్లెళ్ళను అలా పిలుస్తారని తెలిశాక, ఆ పిలుపే సరైనదనిపించింది. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి హిందీ ఆమెకు వచ్చినట్టేనని అందరి లెక్క. ఆమె కూడా కాదనలేదు. చీరలకు ఫాల్ కుట్టే పని ఆమెది. ఒడిలో చీర, వేళ్ళ మధ్య సూది పెట్టుకుని టీవీ పక్కన స్టూలు మీద కూర్చునేది. పాలిచ్చే బర్రె మీద చేయి వేసినట్టు ఎడమచేయి టీవీ మీద ఆనించేది. అక్కడినుంచి మాకు కథ చెప్పేది.

“ఈ పిల్ల అత్తగారింటినుంచి వచ్చేసింది. మొగుడికి కొండ కింద పట్నంలో పెద్ద ఉద్యోగం. అత్త శానా గయ్యాళిది. ఇదో, ఈమె వాళ్ళమ్మ. ఊలుతో అల్లుతా ఉంటాది, పాపం. వీడు వాళ్ళన్న, బడిలో అయ్యవారు.”

ఆ సీరియల్ ఎక్కడో మంచుకొండల ఊరిలో జరిగేది. చెక్క ఇల్లు, వాలు పైకప్పు, పొగమంచులో నడిచే మనుషులు. ఆ పిల్ల ఎప్పుడూ కిటికీ దగ్గర నిలబడి ఉండేది. మేము నల్లమల కొండల్ని రోజూ దూరంగా చూసేవాళ్ళమే. కానీ ఎండకు కాలి ఎర్రగా ఉండే ఆ కొండలు వేరు, టీవీలో తెల్లటి కొండలు వేరు. అప్పుడప్పుడు సిగ్నల్ సరిగా రాక తెర నిండా తెల్లటి చుక్కలు ఎగిరేవి. మామ మిద్దె మీదికెక్కి యాంటెన్నా తిప్పేవాడు. మేము మాత్రం కదలకుండా ఆ చుక్కల్నే చూసేవాళ్ళం. మంచు పడుతోందని మా నమ్మకం. చుక్కలు తగ్గి మళ్ళీ మనుషులు కనపడితే, మంచు ఆగిందని సంతోషించేవాళ్ళం. ఇప్పటికీ మంచు అనే మాట వింటే నా చెవుల్లో ముందు సర్రుమనే చప్పుడే వినిపిస్తుంది.

బొమ్మ నలుపు తెలుపే. కానీ రంగులు కూడా ఖాలాయే చెప్పేది. “పచ్చ చీర కట్టింది ఇయ్యాల. రవిక నిమ్మపండు రంగు.” సూదిలో దారం మార్చుకుంటూ అంత కచ్చితంగా చెప్పేది. చీరల పని చేసే మనిషి కదా, ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకునేవాళ్ళం. కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల నాకు పచ్చ చీరలోనే కనిపించేది.

మా సందు చివర చర్చికి పోయే అవ్వ ఒకామె ఉండేది. ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచీరలో, సీరియల్ సగమయ్యాక వచ్చి కూర్చునేది. “ఇంతవరకూ ఏమైందే?” అని అడిగేది. టీవీ ఒకవైపు నడుస్తుండగానే ఖాలా ఆమెకు మొదటినుంచీ మళ్ళీ చెప్పేది. ఆ రెండోసారి చెప్పేటప్పుడు కథ కొంచెం పెరిగేది. మాకు చెప్పినప్పుడు అత్త తిట్టింది. అవ్వకు చెప్పేటప్పుడు అత్త చెంబు విసిరేసింది. మేము చెంబును చూడలేదే అని నాకు అనుమానం వచ్చేది. కానీ అవ్వ “అయ్యో ప్రభువా” అని చెంపలు నొక్కుకుంటుంటే, నేను రెప్పవేసినప్పుడు విసిరి ఉంటుందిలే అని సరిపెట్టుకునేదాన్ని.

ఆ సీరియల్ నడుస్తున్న రోజుల్లోనే మా చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మకు చెల్లెలు. అర్ధవీడు దగ్గర పల్లెలో ఇచ్చారు ఆమెను. ఒక మధ్యాహ్నం చేతిలో గుడ్డల సంచితో వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగింది. ఎందుకొచ్చిందో మాకెవరూ చెప్పలేదు. రాత్రి అమ్మా ఆమే గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. ఆమె ముంజేతి మీద కాలిన మచ్చ ఒకటి ఉండేది. దాన్ని గాజులతో కప్పుకునేది.

ఆమె ఎక్కడికీ పోయేది కాదు, ఖాలా వాళ్ళింటికి తప్ప. అక్కడ కూడా లోపలికి రాదు. గడప పక్కన, గోడకు ఆనుకుని కూర్చునేది. “ముందుకి రా చెల్లె, అక్కడ్నుంచి ఏం కనపడతాది?” అని ఖాలా పిలిచేది. “ఇక్కడ గాలొస్తాది లేక్కా” అనేది చిన్నమ్మ. ఆ గడప దగ్గర గాలి వచ్చేది కాదు. వీధిలో ఎవరైనా తెలిసినవాళ్ళు వస్తే చటుక్కున లేచిపోవడానికే అక్కడ కూర్చునేదని నాకు పెద్దయ్యాక తోచింది. సీరియల్ నడుస్తున్నంతసేపూ ఆమె తెరనే చూసేది. ఏమీ అడిగేది కాదు, నవ్వేది కాదు. అవ్వ కన్నీళ్ళు పెట్టుకునే చోట కూడా ఆమె కళ్ళు పొడిగానే ఉండేవి.

సీరియల్ ఆఖరి వారం వచ్చింది. ఆఖరిదని మామ ఎక్కడో విని వచ్చాడు. ఆ రోజు ఖాలా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆ వారం టీవీ చాలా మంచిది. బొమ్మ కడిగిన పలకలా ఉంది. ఆ పిల్ల పెట్టెలో గుడ్డలు సర్దుతోంది. వాళ్ళమ్మ అల్లిక పక్కన పెట్టి నిలబడింది. ఆ పిల్ల తల ఎత్తకుండా వాళ్ళమ్మతో ఏదో అంది.

ఖాలా ఏమీ చెప్పలేదు. దారం పళ్ళ మధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

“ఏమంటాందక్కా?” అని మా అమ్మ అడిగింది.

“ఉండు, విననీ” అంది ఖాలా.

బయట కారు హారన్ మోగింది. మా బయట కాదు, సీరియల్లో బయట. నల్లటి కారు మలుపు తిరిగి ఆ చెక్క ఇంటి ముందు ఆగింది. అంతలో తెర నడుమకు కుంచించుకుపోయి, తెల్లటి చుక్కగా మారి, ఆరిపోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా ఆగాయి. ఊరంతా కరెంటు పోయింది.

ఎవరో కరెంటోళ్ళను తిట్టారు. మామ బయటికి పోయి స్తంభం వైపు చూసి వచ్చి చేతులు ఊపాడు. అందరూ కూర్చునే ఉన్నారు. లేవడానికి ఎవరికీ మనసు రాలేదు. తలుపులోనుంచి పడే వెలుగులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. అప్పుడు ఖాలా, చేయి ఇంకా టీవీ మీదే ఉంచి, ఏమీ జరగనట్టు మొదలుపెట్టింది.

“కారులోంచి మొగుడు దిగినాడు. కోటు వేసుకున్నాడు. మంచు పడతా ఉంది. ఆ పిల్ల మెట్లు దిగి కిందికి వచ్చింది.”

“కరెంటు లేదు గదా ఖాలా, నీకెట్ల కనపడతాంది?” అన్నాను నేను.

“పోయిన వారం చివర్లో కొంచెం చూపించినారు. మీరు గమనించకపోతిరి. ఊరకుండు.” మళ్ళీ టీవీ వైపు తిరిగింది. “రా పోదాం అన్నాడు. ఆ పిల్ల భుజం మీది శాలువా తీసి, మడతపెట్టి, అతని చేతిలో పెట్టింది. ఇది మీరు కొనిచ్చినది, తీసుకోండి అన్నది. నేను రాను అన్నది.”

“అట్లన్నదా!” అంది చర్చి అవ్వ.

“అట్లే అన్నది. గట్టిగా గాదు. మామూలుగానే అన్నది. వాళ్ళమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. ఆమె కూడా ఏమీ అనలేదు, తిట్టలేదు. లోపలికి పోయి పొయ్యి మీద టీ పెట్టింది. కారు ఎనక్కి తిరిగి పోయింది. మంచులో చక్రాల గుర్తులు పడినాయి. అంతే. అయిపోయింది.”

నాకు ఆ చక్రాల గుర్తులు స్పష్టంగా కనిపించాయి. ఇప్పటికీ కనిపిస్తాయి. నేను జీవితంలో చూసిన సీరియళ్ళన్నిటిలో అంత బాగా గుర్తున్న బొమ్మ మరొకటి లేదు. అది తెర మీద చూసింది కాదని నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు చిన్నమ్మ అత్తగారి ఊరినుంచి పెద్దమనుషులు వచ్చారు. నాయన వాళ్ళకు మంచం వాల్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. వాళ్ళు చాలాసేపు వానల గురించి, కందుల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చారు. పిల్లోడు మారినాడన్నారు. ఇంక పంపించమన్నారు. నాయన లోపలికి చూశాడు.

చిన్నమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

“నేను రాను” అంది.

గట్టిగా ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళలో పెద్దాయన, ఆడపిల్ల మాటేంది, నువ్వు చెప్పు అని నాయన వైపు తిరిగాడు. నాయన కాసేపు నేల చూశాడు. “రానంటా ఉంది గదా పెద్దాయనా. నేనేం చెప్పేది?” అన్నాడు. నాయన అంత మాట అనగలడని నేను అనుకోలేదు. అమ్మ కూడా అనుకోలేదు. ఆమె ఆ రాత్రంతా ఏడ్చింది. కానీ పొద్దున లేచి చెల్లెలికి తల దువ్వింది.

చిన్నమ్మ కొన్నాళ్ళు పలకలకు చెక్క అంచులు బిగించే పనికి పోయింది. తర్వాత కంభంలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. ఎందరో పిల్లలకు అన్నం పెట్టింది. అక్కడే ఒక గది ఇల్లు చూసుకుని ఉండిపోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సెలవుల్లో నేను పోతే ఇద్దరం సాయంత్రాలు చెరువు కట్ట మీద నడిచేవాళ్ళం. మా సందు సంగతులు ఎన్నో మాట్లాడుకునేవాళ్ళం. సీరియల్ గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రంగుల టీవీలు వచ్చాయి. డిష్షులు వచ్చాయి. సందులో ఎవరింట్లో వాళ్ళు తలుపులు వేసుకుని చూడటం మొదలుపెట్టారు. మామ దుకాణానికి బాగుచేయించుకునేవాళ్ళు తగ్గారు. ఆయన పోయాక ఖాలా గిద్దలూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను టీచరునై, బదిలీల మీద తిరిగి, చివరికి మార్కాపురానికే వచ్చాను. తోటి హిందీ టీచర్ల దగ్గర హిందీ కూడా కొంచెం పట్టుబడింది.

మొన్న దసరా సెలవుల్లో, మధ్యాహ్నం పడుకుని ఫోను చూస్తుంటే ఆ సీరియల్ కనబడింది. ఎవరో పాత టేపుల్లోనుంచి ఎక్కించారు. మొదట ఆ కొండలు చూశాను. తర్వాత ఆ చెక్క ఇల్లు. కిటికీ దగ్గర ఆ పిల్ల. నా వేలు ఆగిపోయింది.

రంగుల్లో ఉంది అది. మొదటినుంచీ రంగుల్లోనే తీశారన్నమాట. ఆమె పచ్చ చీర కట్టలేదు. ఇటుకరంగు చీర, బూడిదరంగు రవిక. నాకెందుకో కోపం వచ్చింది, ఎవరో ఆమె చీర మార్చేసినట్టు.

ఆ సెలవులంతా అదే చూశాను. ఆ అత్త గయ్యాళి కాదు. మంచం పట్టిన మెతక మనిషి, కోడలిని తలుచుకుని బాధపడుతుంది. చెంబు ఎక్కడా లేదు. బడి అయ్యవారు ఆమె అన్న కాదు, ఆమె మీద మనసున్న మనిషి. పిల్లలం ముందు వరసలో కూర్చుని ఉండటం చూసి ఖాలా అతన్ని అన్నను చేసిందని అర్థమై పక్కమీదే పొర్లి నవ్వాను. ఇక ఆఖరి భాగం. కారు ఆగింది. ఆ పిల్ల మెట్లు దిగింది. మొగుడు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కారెక్కింది. వాళ్ళమ్మ చేయి ఊపింది. పాట వచ్చింది. అయిపోయింది.

నేను చిన్నమ్మకు ఫోను చేశాను. “ఖాలాను చూసొద్దామా?” అన్నాను. కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. రెండు రోజుల తర్వాత నేను రైలెక్కితే, కంభంలో చిన్నమ్మ అదే పెట్టెలో ఎక్కింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఇప్పుడు గాజులు వేసుకోదు. మచ్చ కూడా చర్మంలో కలిసిపోయింది.

ఖాలా మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళు తగ్గి చిన్నదైపోయింది మనిషి. మమ్మల్ని చూసి రెండు చేతులూ చాచింది. “అరే, రాండి రాండి. ఏంది బేటీ, ఇన్నాళ్ళకా?” అంటూ నా మొహమంతా తడిమింది. కూతురు సేమ్యా పాయసం తెచ్చింది. తిన్నాక ఫోను తీసి, నీళ్ళ చెంబుకు ఆనించి, ఆఖరి భాగం పెట్టాను.

“ఇదేందో కనుక్కో ఖాలా.”

ఆమె కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. “ఆ పిల్లేనా? ఇంత చిన్నదిగా ఉందేంది? మనకప్పుడు ఎంత పెద్దదిగా కనపడేది!” ఆ తర్వాత, “రంగులున్నాయే దీంట్లో!” అంది నమ్మలేనట్టు.

ఆ పిల్ల పెట్టె సర్దింది. వాళ్ళమ్మతో ఆ మాట అంది. కారు వచ్చింది. ఆమె కారెక్కి పోయింది. ముగ్గురం చివరిదాకా చూశాం.

“తప్పు తీసినారు” అంది ఖాలా.

నేను నవ్వాను. “నువ్వు చెప్పినట్టు లేదు గదా ఖాలా. ఎందుకట్ల చెప్పినావు మాకు?”

“నాకేం తెలుసు బేటీ? ఆ హిందీ నాకు సగం అర్థమయ్యేది కాదు. మేము ఇజాజత్ అంటాం, వాళ్ళు అనుమతి అంటారు. ఎదురుచూడటాన్ని మేము ఇంతెజార్ అంటాం, వాళ్ళు ప్రతీక్ష అంటారు. మీకొచ్చే మాటలు వాళ్ళు మాట్లాడతా ఉండ్రి. నాకొచ్చేవి మాట్లాడకపోయిరి. అందరూ నా నోరే చూస్తా ఉండ్రి. రాదు అని ఎట్ల చెప్పేది? ఏదో ఒకటి చెప్తా పోయినా.”

అప్పుడు చిన్నమ్మ అంది, “నాకు అర్థమయ్యేది అక్కా.”

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

“బళ్ళో హిందీ సారు నా చేత పరీక్షలు రాయించినాడు, పెళ్ళికి ముందు. మాట్లాడేది రాదు గాని, వింటే తెలిసేది.”

“యా అల్లా!” అని ఖాలా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “మరి అన్ని వారాలు నా సోది ఎట్ల విన్నావే?”

“టీవీదీ వినేదాన్ని, నీదీ వినేదాన్ని. నీదే బాగుండేది.” చిన్నమ్మ ఫోను వైపు చూసింది. తెర అప్పటికి నల్లబడింది. “కానీ అక్కా, ఆ రోజు పెట్టె సర్దుతా ఆ పిల్ల వాళ్ళమ్మతో, నేను పోతున్నానమ్మా అన్నది. అది పెద్ద మాటేం గాదు. మీ ఇంట్లో రోజూ అనేదే. అది గూడా అర్థం కాలేదా నీకు?”

ఖాలా మంచం మీద దుప్పటి అంచు వేళ్ళతో సాపు చేసింది. చాలా ఏళ్ళు కుట్టుపని చేసిన వేళ్ళు అవి, ఊరికే ఉండలేవు.

“అర్థమైంది” అంది చివరికి. “నువ్వు ఆ గడప కాడ కూర్చొని ఉంటివి. నీ మొహం చూస్తా ఆ మాట నేనెట్ల చెప్పేది? ఏం చెప్పాల్నా అని దారం నములుతా ఉన్నా. అంతలోకే కరెంటు పోయింది. ఇంక నా ఇష్టమొచ్చినట్లు చెప్పినా.”

చిన్నమ్మ లేచి పోయి మంచం మీద ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ తగిలాయి. కొంచెం సేపటికి ఖాలా చిన్నగా అడిగింది, “నేను చెప్పినందుకేనా, నువ్వు పోకుండా ఉండింది?”

“లేదక్కా. పోకూడదని నేను వచ్చిన రోజే అనుకున్నా. కానీ పోనంటే లోకమేదో మునిగిపోతాదని భయముండె. ఆ రోజు నువ్వు చెప్పినావు గదా, ఆ పిల్ల రానంటే వాళ్ళమ్మ లోపలికి పోయి టీ పెట్టిందని. అది మనసులో ఉండిపోయింది. అంతేనా, రానంటే ఇంతే జరిగేదా అనిపించింది.”

ఖాలా తల ఊపింది. మసీదునుంచి పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజుకు పిలుపు వినిపించింది. “ఉండండి, నమాజు చదువుకుని వస్తా. పోవద్దండి” అంటూ గోడ పట్టుకుని లేచింది. చిన్నమ్మ ఆమెను చేయి పట్టి పెరట్లోకి నడిపించింది. నేను ఆ చిన్న గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పెరట్లో కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్న చప్పుడు, ఖాలా ఏదో అనడం, చిన్నమ్మ నవ్వడం వినిపించాయి. చిన్నమ్మ అంత పెద్దగా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు.

సాయంత్రం స్టేషనుకు వచ్చేసరికి రైలు ఆలస్యమన్నారు. అడవినుంచి వచ్చిన ఆడవాళ్ళు ప్లాట్‌ఫారం మీద సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని కూర్చున్నారు. చిన్నమ్మ ఒక్కో కాయనూ నొక్కి చూసి, బాగా మెత్తబడినవి ఏరి, నా చున్నీలో పోసింది. “ఇంటిదాకా ఆగవు ఇవి. ఇక్కడే తినాల” అంది. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని తిన్నాం. గింజలు పట్టాల మీదికి ఊస్తూ, ఎవరిది ఎక్కువ దూరం పడిందో చూసుకుంటూ తిన్నాం. వెనక కొండల మీద ఎండ మెల్లగా పసుపు నుంచి రాగిరంగుకు, రాగినుంచి పేరు తెలియని ఏదో రంగుకు మారింది. చిన్నమ్మ మూతి తుడుచుకుని, ఇంకో కాయ విప్పి, పెద్ద సగం నాకిచ్చింది.